మైకు ఆపినాక

పత్తికొండ మార్కెట్టు గేటు కాడ
ఆ పొద్దు రెండు గంటలు మాట్లాడినా.
సైకిలు క్యారియరు మీద బ్యాటరీ డబ్బా,
మైకుకు నాకంటే ఎక్కువ జలుబు.
కరపత్రం తీసుకున్న ఒకాయన
దాన్నే పొట్లం చుట్టి బొరుగులు పోసుకున్నాడు.
రక్షణ అనే మాట నూనె పీల్చుకోని
ఇంకా నల్లగా కనపడింది.

మొదట లైన్‌మన్ మద్దిలేటి అడిగినాడు:
"కయీనుకు పెండ్లాం యాడిది?"
దీనికి నా కాడ బదులుంది.
నంద్యాల తరగతుల్లో మూడు రకాలుగా నేర్పినారు,
మూడూ చెప్పినా.
"అయితే మేనరికం కంటే దగ్గర సంబంధమే" అన్నాడు.
గేటు గేటంతా నవ్వింది.
నాకూ నవ్వొచ్చింది, దగ్గు కింద దాచుకున్నా.

సైన్సు అయ్యవారు హుసేనప్ప
గొడుగు కొనతో నా పుస్తకాన్ని చూపించి
"నలుగురు నాలుగు రకాలుగా రాసినారే,
ఈ సాక్ష్యం ఆదోని కోర్టులో నిలబడుతుందా?"
"నాలుగూ ఒకే మాదిరి ఉంటే
పోలీసులు రాయించినారంటావు కదయ్యవారూ" అన్నా.
ఆయన మీసం కొంచెం కదిలింది.
ఒక పాయింటు నాది అనుకున్నా.
పాయింట్లు లెక్కపెట్టుకుంటా నిలబడిన నన్ను
ఇప్పుడు తలుచుకుంటే సిగ్గయితాది.

అప్పుడు లోపల్నుంచి ఉరుకుందమ్మ వచ్చింది,
ఖాళీ గంపలు ఒకదాంట్లో ఒకటి పెట్టి
నెత్తిన మోసుకోని.
గంప టమోటా ఇరవై రూపాయలకు అడిగినారంట.
పద్దెనిమిది గంపలూ రోడ్డు మీద కుమ్మరించింది.
బర్రెలు తింటాండాయి.
ఆమె కాలివేళ్ళ సందుల్లో విత్తనాలు.

"ఏందప్పా ఆ పుస్తకం?"
దేవుని వాక్యం అని చెప్పినా, మైకులోనే.
"దాంట్లో దేవుణ్ణి తిట్టినోళ్ళు ఎవురన్నా ఉండారా?"

నంద్యాల తరగతుల్లో ఈ ప్రశ్న లేదు.
మైకు కీచుమంది.
ఆపేసినా.

ఉండాడమ్మా, ఒకాయన.
మందలు పోయినాయి, ఇల్లు కూలి బిడ్డలు పోయినారు,
ఒళ్ళంతా కురుపులు లేస్తే
బూడిదలో కూర్చోని బోకిపెంకుతో గీరుకుంటా
నన్నెందుకు పుట్టించినావు,
రా, నాతో వ్యాజ్యం ఆడు, అని పిలిచినాడు దేవుణ్ణి.
ఒక మాట కాదు, పుటలు పుటలు.
ఓదార్చను వచ్చిన స్నేహితులు
దేవుని తరఫున బాగా మాట్లాడినారు,
అన్నీ తెలిసినోళ్ళ మాదిరి,
ఇంతసేపూ
నేను మాట్లాడినట్టే.
చివర్లో దేవునికి వాళ్ళ మీదనే కోపం వచ్చింది.

ఆమె గంపలు దించి బోర్లించింది, వాటి మీదనే కూర్చుంది.
"మరి ఆయప్పకు ఏం బదులిచ్చినాడు?"

బదులియ్యలేదమ్మా. తిరిగి ఈయన్నే అడిగినాడు:
వాన యాడ పుడుతుందో తెలుసునా,
వడగండ్లు దాచిన కొట్టు చూసినావా,
కొండమేక ఏ నెలలో ఈనుతుందో లెక్క పెట్టినావా.

ఉరుకుందమ్మ నవ్వింది, కొంగు నోటికడ్డం పెట్టుకోని.
"అచ్చం మా వ్యవసాయం ఆఫీసే.
నష్టం రాసుకోండి సారూ అని పోతే
సర్వే నంబరు తెలుసా, పాసుబుక్కు తెచ్చినావా అంటారు."
ఈసారి మద్దిలేటి నవ్వలేదు.
అయ్యవారు కళ్ళజోడు తుడుచుకోని
"ఆ పుట యాడుందో చూపించు.
నమ్మను గానీ, చదువుతా" అన్నాడు.

ఆమెకు చదువు రాదు.
"యాడ తిట్టినాడు?" అని అడిగితే చూపించినా.
సంఘం అప్పు కాగితం మీద వేలిముద్ర వేసినట్టు
ఆ వరస మీద బొటనవేలు ఒత్తింది.
"మళ్ళ బాగుపడినాడా?"
పడినాడు. గొర్రెలు రెండింతలు. మళ్ళ పదిమంది బిడ్డలు.
"పోయిన బిడ్డలేనా?"
కాదమ్మా.
వేరే బిడ్డలు.

ఆమె ఆ మాట తిరిగి అనలేదు.
లేచి, చుట్టకుదురు సర్దుకోని,
గంపలెత్తుకోని తుగ్గలి బస్సు కాడికి పోయింది.

శనివారం పాస్టరుగారి రిజిస్టరులో
ఎంతమంది నమ్మినారు అనే గడి ఖాళీగా వదిలినా.
ఆయన పెన్ను పట్టుకోని నా ముఖం చూసినాడు.
పుస్తకం నడుమ ఒక పుట మీద
ఎర్ర మరక, దాంట్లో ఎండిన విత్తనం.
గీకితే కాగితం చినుగుతాది.